ఎనిమిదో తరగతి గోడకన్ను

ఆ రోజు పొద్దున లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పడగ్గది తలుపు మూయడం సాధన చేస్తున్నారు. మూసేవారు, లోపల కాసేపు నిలబడేవారు, గొంతు సవరించుకుని "ఆఁ, లోపలికి రావచ్చు" అనేవారు. మొదటిసారి మరీ మెత్తగా వచ్చింది. రెండోసారి కాస్త కరుగ్గా అన్నారు. అది బాగుందనిపించి ఇంకోసారి అన్నారు.

"ఎవర్నండీ రమ్మంటున్నారు?" అంది భార్య, మంచం అంచున కూర్చుని తల దువ్వుకుంటూ. "గదిలో ఉన్నది నేనొక్కదాన్ని. నేను బయటికెళ్ళాలి. ఆఫీసుకి టైమవుతోంది."

"ఇవాళ్టితో మన దశ తిరుగుతోంది. నీకర్థం కాదులే."

"ఎందుకర్థం కాదు? మా అన్నయ్యకి చెప్పేశాను కూడా. కొత్త గదికి కర్టెన్లు ఏ రంగువి వేయిస్తున్నారని మా వదిన అడుగుతోంది."

మాస్టారు తలుపు మీంచి చెయ్యి తీసేశారు. బావమరిదికి తెలిసిందంటే చుట్టాలందరికీ తెలిసినట్టే. ఇక గది రాకపోతే తలెత్తుకు తిరగడం కష్టం.

ఆ గది ఆయన పనిచేసే ప్రైవేటు స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్ గది. అందులో ఉన్న వైస్ ప్రిన్సిపాల్ రిటైరై వెళ్ళిపోయినప్పట్నుంచి తాళం వేసి ఉంది. లోపల గుండ్రంగా తిరిగే కుర్చీ, చప్పుడు చేయని ఫ్యాను, అన్నిటికంటే ముఖ్యంగా గొళ్ళెం పడే తలుపు ఉన్నాయి. స్టాఫ్ రూములో ఇవేవీ లేవు. అక్కడ పొడుగాటి బల్ల చుట్టూ అందరూ మోచేతులు రాసుకుంటూ కూర్చోవాలి. మాస్టారి సొరుగు లాగితే పూర్తిగా బయటికి రాదు, తోస్తే పూర్తిగా లోపలికి పోదు. పైగా స్కూలు వదిలే వేళ గేటు దగ్గర నిలబడి పిల్లల్ని రోడ్డు దాటించే పని ఏళ్ళ తరబడి ఆయన నెత్తినే ఉంది. వైస్ ప్రిన్సిపాల్ అయితే గేటు డ్యూటీ ఉండదు. మాస్టారు పదవి కోసం పాకులాడే మనిషి కారు. ఆయనకి కావలసిందల్లా ఎవరూ తలదూర్చకుండా కాసేపు కూర్చోగలిగే చోటు. అది మాత్రం ప్రాణం పెట్టి కోరుకున్నారు.

ఆ గదికి దారి కృత్రిమ మేధ గుండా పోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. పక్క వీధి స్కూలువాళ్ళు తమ గోడ మీద "ఇచ్చట కృత్రిమ మేధతో చదువు చెప్పబడును" అని పెద్ద బోర్డు పెట్టారు. మర్నాడే స్కూలు యజమాని కరస్పాండెంట్ గారు స్టాఫ్ రూములోకి ఊడిపడ్డారు. "మనకీ ఒకటి కావాలి. వాళ్ళదానికంటే పెద్దది. అర్జెంటుగా ఎంచండి" అన్నారు. ఎంపిక సంఘానికి లెక్కల మాస్టార్ని అధ్యక్షుడిగా వేశారు. ఆయన ఒకసారి ప్రొజెక్టరు వైరు ఊడితే పెట్టారు, అదీ అర్హత. సభ్యులుగా హెడ్‌మిస్ట్రెస్ గారూ, సైన్సు మేడమూ చేరారు. "పని సవ్యంగా జరిగితే ఆ గది తాళం మీ చేతికిస్తా" అని కరస్పాండెంట్ గారు మాస్టారి భుజం తట్టి మరీ చెప్పారు.

ఎంపిక జోరుగా సాగింది. పరీక్షకు ఒకే కంపెనీ నుంచి మూడు సాధనాలు వచ్చాయి. మొదటిదాన్ని హెడ్‌మిస్ట్రెస్ గారు స్వయంగా పరీక్షించారు. తమ స్కూలు గొప్పతనం గురించి ఒక పేజీ చెప్పమన్నారు. అది మర్యాదగానే, "మీ స్కూలు గురించి నాకు తెలియదు. తెలియని సంగతి కల్పించి చెప్పలేను. మీరు వివరాలిస్తే సాయం చేస్తాను" అంది.

"తెలియదా?" ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "ఇన్నేళ్ళలో మా స్కూల్లో ఏ టీచరూ పిల్లల ముందు ఆ మాట అనలేదు. దీన్ని పంపించెయ్యండి."

రెండోదానికి ఒక పిల్లవాడి లెక్క ఇచ్చారు. జవాబు తప్పు. అది వెంటనే సరైన జవాబు చెప్పకుండా, "మూడో మెట్టు దాకా బాగా చేశావు. అక్కడ ఈ గుర్తు ఎందుకు మారింది?" అని అడిగింది. పిల్లవాడు కాసేపు ఆలోచించి తనే దిద్దుకున్నాడు. సైన్సు మేడం మొహం వెలిగిపోయింది. మాస్టారి మొహం మాడిపోయింది. ఒక్క లెక్కకే ఇంతసేపు పడితే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది? పైగా పిల్లలకి ఎందుకు అని అడగడం అలవాటైతే రేపు ఆయన్నే అడుగుతారు. దాన్నీ పంపించేశారు.

మూడోది గోడకు బిగించే కెమెరా. పక్కన పెద్ద తెర. తెర మీద పిల్లల బొమ్మలు, శ్రద్ధగా ఉన్నవాళ్ళ మీద ఆకుపచ్చ చుక్క, దిక్కులు చూసేవాళ్ళ మీద ఎర్రచుక్క. ఆ రంగులు చూసి కరస్పాండెంట్ గారు మురిసిపోయారు. ఆయన మురిసిపోవడం చూసి మాస్టారు అంతకంటే ఎక్కువ మురిసిపోయారు. దానికి పిల్లలు అప్పటికప్పుడే గోడకన్ను అని పేరు పెట్టేశారు.

"దీనివల్ల పిల్లలకి ఏం వస్తుందో అడగరా?" అంది సైన్సు మేడం.

"అది తర్వాత చూద్దాం మేడం" అన్నారు మాస్టారు.

"పోనీ, పిల్లల మొహాలూ మాటలూ అన్నీ రికార్డు చేసి ఎక్కడికి పంపుతుంది?"

మెడకి టై బిగించుకున్న కంపెనీ మనిషి చిరునవ్వు నవ్వాడు. "చాలా దూరంగా ఉన్న మా కేంద్రానికి వెళ్తాయి మేడం. చాలా భద్రం."

"దూరంగా ఉంటేనే మంచిది" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "ఇక్కడుంటే ఎలకలు కొరుకుతాయి."

దాంతో సందేహాలు తీరిపోయాయి. అందరి ముందూ ఒక మోడల్ క్లాసు జరిపి చూపించి, ఖాయం చేసేద్దామన్నారు. తరగతికి అలవాటు పడాలని గోడకన్నుని వారం ముందే ఎనిమిదో తరగతిలో బిగించి ఆన్ చేసి వెళ్ళిపోయాడు కంపెనీ మనిషి.

మోడల్ క్లాసంటే మాస్టారికి కొట్టిన పిండి. ఆయన సర్వీసంతా ఇలాంటి తనిఖీలు దాటుకుంటూ వచ్చింది. పద్ధతి ఒక్కటే. ముందు రోజుల్లో అవే ప్రశ్నలు అదే వరుసలో అడిగి, అవే జవాబులు అదే పిల్లల చేత చెప్పించాలి. పిల్లల పేర్లతో ఆయనకి పనిలేదు, బెంచీ చాలు. ఇక ముఖ్యమైన సూత్రం చేతులది. తనిఖీకి వచ్చినవాళ్ళకి క్లాసంతా చేతులెత్తి కనబడాలి. అందుకని జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, రానివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. మాస్టారు కుడిచేతులవాళ్ళనే లేపుతారు. చూసేవాళ్ళ కంటికి చెయ్యి చెయ్యే. ఈ ఉపాయం ఆయనకి ఎన్నడూ ఎదురు తిరగలేదు.

వారమంతా రిహార్సల్ నడిచింది. అయితే గోడ మీద నుంచి ఆ నల్లటి కన్ను తననే చూస్తుంటే మాస్టారికి ఇబ్బందిగా ఉండేది. బోర్డు తుడిచే గుడ్డ ఒకటి తెచ్చి దాని మీద కప్పేశారు. దాంతో మనసు కుదుటపడి, గొంతెత్తి పిల్లలకి చెప్పవలసినవన్నీ చెప్పుకున్నారు. కన్నయితే మూశారు గానీ, దానికి చెవులు కూడా ఉంటాయన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

ఇదిగో ఇవాళ ఆ మోడల్ క్లాసు. మాస్టారు అందరికంటే ముందే స్కూలుకొచ్చి, గుడ్డ తీసేసి, కెమెరా మీద సుద్దపొడి ఊదేసి, దారిలో వైస్ ప్రిన్సిపాల్ గది తలుపుని ఒకసారి ప్రేమగా నిమిరి వచ్చారు. వెనక కుర్చీల్లో కరస్పాండెంట్ గారు, హెడ్‌మిస్ట్రెస్ గారు, సైన్సు మేడం కూర్చున్నారు. తల్లిదండ్రుల సంఘం అధ్యక్షురాలు కూడా వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. ఎవరు మాట్లాడినా నోట్లోకే చూస్తుంది.

క్లాసు మొదలయ్యే ముందు కరస్పాండెంట్ గారు లేచారు. ఏ క్లాసుకి వెళ్ళినా ఆయన ఒక జోకు వేస్తారు. ఎప్పుడూ అదే జోకు. "పిల్లలూ, నాకు చిన్నప్పుడు లెక్కల్లో అన్నీ సున్నాలే వచ్చేవి. ఆ సున్నాలన్నీ ఇప్పుడు నా బ్యాంకు ఖాతాలో చేరాయి!"

మొదటి రెండు వరుసలు విరగబడి నవ్వాయి. ఆయన ఆనందంగా కూర్చున్నారు.

మాస్టారు పాఠం ఎత్తుకున్నారు. మొదటి ప్రశ్న పడీ పడగానే క్లాసంతా చేతులు లేచాయి. తెర నిండా ఆకుపచ్చ చుక్కలు. కరస్పాండెంట్ గారు తొడ చరుచుకున్నారు. మాస్టారు రెండో బెంచీ కిటికీ పక్కనున్న వాడిని లేపారు, వాడు గడగడా చెప్పాడు. గోడకన్ను తేనెలూరే గొంతుతో, "శభాష్! తర్వాత త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంత అని అడుగుతారు. మొదటి బెంచీ తలుపు వైపు అమ్మాయి నూట ఎనభై డిగ్రీలు అంటుంది" అంది.

 మాస్టారు అడగబోయింది అదే. వేరే ప్రశ్న అడుగుదామా అంటే వేరేదానికి జవాబు ఎవరికీ రాదు. గత్యంతరం లేక అదే అడిగారు. మొదటి బెంచీ తలుపు వైపు అమ్మాయి లేచి నూట ఎనభై డిగ్రీలంది.

"ఓరి నాయనో!" కరస్పాండెంట్ గారు కుర్చీలోంచి సగం లేచారు. "ఇది మనసులో మాట చదివేస్తోందయ్యా!"

కంపెనీ మనిషికి కూడా ఇది కొత్తే. అయినా అతను తడుముకోలేదు. "అవును సార్. కొత్త వెర్షన్."

"ఫైనల్ పరీక్షలో ఏ ప్రశ్నలొస్తాయో కూడా చెబుతుందా?" డాక్టరమ్మ ముందుకి వంగింది.

"అన్నీ చెబుతుంది మేడం."

గోడకన్ను ఉత్సాహానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. మాస్టారు నోరు విప్పేలోపే తర్వాతి ప్రశ్న, దాని తర్వాతి ప్రశ్న, ఎవరు లేస్తారు, ఏమంటారు, అన్నీ అదే చెప్పేస్తోంది. "ఇప్పుడు గురువుగారు ఆశ్చర్యపోయినట్టు నటిస్తారు" అని కూడా అంది. మాస్టారు ఆ మాటకి నిజంగానే ఆశ్చర్యపోయారు. చొక్కా ఇస్త్రీ చెమటకి ఎప్పుడో పోయింది. ఎలాగోలా గంట కొడితే చాలు, తాళం చేతికొస్తే చాలు అని ఆయన లోలోపల వేడుకుంటున్నారు.

అప్పుడే కరస్పాండెంట్ గారికి సరదా పుట్టింది. "ఆగండి మాస్టారూ, ఈ ప్రశ్న నేనడుగుతా" అన్నారు.

మాస్టారు కంగారుగా అడ్డొచ్చారు. "అయ్యా, మీకెందుకండీ శ్రమ…"

"శ్రమేముంది? పిల్లలూ, త్రిభుజంలో రెండు కోణాలు ఒక్కొక్కటి యాభై డిగ్రీలైతే మూడోది ఎంత?"

అలవాటు ప్రకారం క్లాసంతా చేతులెత్తింది. కరస్పాండెంట్ గారు నాలుగో బెంచీలో చెయ్యి అందరికంటే ఎత్తుగా పెట్టిన ఒక పిల్లని చూపించారు. "నువ్వు చెప్పమ్మా."

ఆ పిల్ల లేచింది. మాస్టారి వంక చూసింది. కరస్పాండెంట్ గారి వంక చూసింది. "సార్, నేనెత్తింది ఎడమచెయ్యి సార్" అంది, ఇంత తెలిసిన మనిషి అది చూసుకోలేదేమిటన్నట్టు.

"అయితే ఏంటమ్మా?"

ఆ పిల్ల బదులు గోడకన్ను జవాబిచ్చింది. "ఎడమచెయ్యి ఎత్తినవారికి జవాబు రాదు. దయచేసి కుడిచెయ్యి ఎత్తినవారిని అడగండి. ఈ ప్రశ్నకు కుడిచేతులు లేవు."

 ఎడమచేతులన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఎడమచెయ్యేంటి, కుడిచెయ్యేంటి?" కరస్పాండెంట్ గారు లేచి నిలబడ్డారు. "ఎవరు చెప్పారు నీకిది?"

గోడకన్ను దాపరికం ఎరగదు. అడిగిందే తడవుగా వినిపించింది. మాస్టారి గొంతే, స్పష్టంగా, గదంతా మారుమోగేలా: "జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. పొరపాటున మార్చారో, తోలు తీస్తాను. వెనక వరుసలో నువ్వు, నీకు ఏ చెయ్యి ఏదో తెలియకపోతే అసలు ఎత్తకు…"

"అది… అది బోధనా పద్ధతండీ" అన్నారు మాస్టారు. ఆపు, ఆపు అని కంపెనీ మనిషికి సైగలు చేశారు. అతను రిమోట్ మీద ఏదో నొక్కాడు. గొంతు ఇంకా పెద్దదైంది.

"…ఇంకో సంగతి. ఆ కరస్పాండెంట్ రాగానే సున్నాల జోకు వేస్తాడు. చచ్చు జోకే, నాకూ తెలుసు. మొదటి రెండు వరుసలు గట్టిగా నవ్వండి. మిగతావాళ్ళు నవ్వద్దు, మరీ అతిగా ఉంటుంది."

మొదటి రెండు వరుసలు తలలు దించుకున్నాయి. వెనక వరుసలో ఒకడికి మాత్రం నవ్వాగలేదు. అది నిజమైన నవ్వు, అందుకే మరీ ఘోరంగా వినిపించింది. డాక్టరమ్మ మాస్టారి నోట్లోకి చూస్తూ ఉండిపోయింది.

 మాస్టారి కళ్ళ ముందు గొళ్ళెం, గుండ్రటి కుర్చీ, భార్య వదినగారి కర్టెన్లు వరసగా కదిలిపోయాయి. గది సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగం నిలిస్తే చాలనిపించింది.

అప్పుడు సైన్సు మేడం లేచింది. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. "ఒక్కటి చెప్పండి. ఎడమచేతుల పిల్లలకి జవాబు ఎందుకు రాలేదో, ఎక్కడ తడబడుతున్నారో ఇది చెబుతుందా?"

"ఆ సౌకర్యం ఇందులో లేదు మేడం" అన్నాడు కంపెనీ మనిషి. "అది మీరు వెనక్కి పంపిన రెండోదాంట్లో ఉంది."

"విన్నారా సార్?" అని ఆవిడ కరస్పాండెంట్ గారి వైపు తిరిగింది.

ఆయన వినలేదు. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడి, మెల్లగా మామూలు రంగుకి వచ్చి, అక్కడ నుంచి ఇంకేదో వెలుగులోకి మారుతోంది. గోడ దగ్గరికి నడిచి, గోడకన్ను కింద నిలబడి, తల పైకెత్తి దానివైపు చాలాసేపు చూశారు. చంటిపిల్లని చూసినట్టు చూశారు.

"ఏమయ్యా," అన్నారు కంపెనీ మనిషితో గొంతు తగ్గించి, "ఇది టీచర్లు ఏమనుకుంటున్నారో ఇలా ఎక్కడైనా వింటుందా? స్టాఫ్ రూములో కూడా?"

"ఎక్కడ పెడితే అక్కడ వింటుంది సార్."

"పిల్లల సంగతి తర్వాత చూద్దాం. కొనేశాను."

హెడ్‌మిస్ట్రెస్ గారు చప్పట్లు కొట్టారు. ఒక్కరే కొట్టారు, అయినా ఆపలేదు. కరస్పాండెంట్ గారు మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"మాస్టారూ, మీ నోటి దూల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. కానీ సాధనాన్ని మాత్రం భలే ఎంచారు. ఇంత నమ్మకమైన మనిషి ఈ స్కూల్లో నాకింతవరకు దొరకలేదు."

"దీన్ని నడిపే పెట్టె ఒకటుంటుంది, దానికి వేడి తగలకూడదు సార్" అన్నాడు కంపెనీ మనిషి. "చప్పుడు లేని ఫ్యాను ఉండాలి. దుమ్ము పడకూడదు. తలుపుకి గొళ్ళెం ఉన్న గదైతే ఇంకా మంచిది."

"ఉంది కదయ్యా!" అన్నారు కరస్పాండెంట్ గారు.

సాయంత్రం మాస్టారు గేటు డ్యూటీ ముగించుకుని ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమైందండీ? గది ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అమ్మయ్య! మా వదినకి ఫోన్ చెయ్యనా?"

"నాక్కాదు" అన్నారు మాస్టారు. చెప్పులు విప్పుతూ అక్కడే కూలబడ్డారు. "పెట్టెకి. రోజూ పొద్దున నేను తలుపు తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ గొళ్ళెం పెట్టి రావాలి. తాళం మాత్రం నా చేతికే ఇచ్చారు, మాట తప్పలేదు."

ఆవిడ లోపలికెళ్ళింది. కాసేపటికి మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. "పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి కాసేపు" అంది. "నేను రాన్లెండి." ఆ మాటకి మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు స్టాఫ్ రూములో గోడకన్ను వెలిసింది. పొడుగాటి బల్ల చుట్టూ మోచేతులు రాసుకుంటూ కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కరస్పాండెంట్ గారు వచ్చి, కొత్త సాధనం ఎంతమందికి నచ్చిందో చేతులెత్తమన్నారు. నిన్నటి పాఠం మరిచిపోలేదు కాబట్టి, కుడిచేతులే ఎత్తాలని ముందే హెచ్చరించారు. అందరి కుడిచేతులూ లేచాయి. కాస్త ఆలస్యంగా సైన్సు మేడంది కూడా లేచింది. "పిల్లలకి రెండోదాన్ని తెప్పిస్తే నాకు ఇంకా నచ్చుతుంది సార్" అని ఆవిడ చెయ్యి దించకుండానే అంది. అది తర్వాత చూద్దామన్నారాయన.

తర్వాత ఆయన గోడకన్ను వైపొకసారి చూసి, గొంతు సవరించుకుని, చిన్నప్పుడు తనకి లెక్కల్లో అన్నీ సున్నాలే వచ్చేవని మొదలుపెట్టారు.

ఈసారి అన్ని వరుసలూ నవ్వాయి.